మోటారు ప్రభావము

అయస్కాంత క్షేత్రంలో ఉన్న వాహకం గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు ఆ వాహకం మీద ఒక యాంత్రిక బలం పనిచేస్తుంది. దీనినే భౌతిక శాస్త్రంలో మోటారు ప్రభావము అంటారు. ఇది విద్యుదయస్కాంతత్వములో ఒక ముఖ్యమైన అంశము. ఇంట్లో తిరిగే ఫ్యాను, మిక్సీ, పొలంలో నీరు తోడే పంపుసెట్టు, రేడియోలోని స్పీకరు, ప్రయోగశాలలోని గాల్వనామీటరు, ఇవన్నీ ఈ ఒక్క ప్రభావం మీద ఆధారపడి పనిచేస్తాయి.

ఈ ప్రభావాన్ని సరిగా అర్థం చేసుకోవడానికి రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, ఈ బలం తీగను అయస్కాంతం వైపు లాగదు, దూరంగా నెట్టదు, పక్కకు నెడుతుంది. రెండవది, తిరుగుతున్న ప్రతి మోటారు అదే సమయంలో ఒక జనరేటరుగా కూడా పనిచేస్తూ, తనలోకి వచ్చే విద్యుత్తును తానే అదుపు చేసుకుంటుంది. మోటారు ఎందుకు తిరుగుతుందో మొదటి విషయం చెబుతుంది. ఆగిపోయిన మోటారు ఎందుకు కాలిపోతుందో రెండవ విషయం చెబుతుంది.

చరిత్ర

1820 వరకు విద్యుత్తు, అయస్కాంతత్వము పరస్పర సంబంధం లేని రెండు వేర్వేరు విషయాలని ఎక్కువ మంది శాస్త్రవేత్తలు భావించేవారు. ఆ సంవత్సరం డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో హాన్స్ క్రిస్టియన్ అయిర్‌స్టెడ్ అనే ఆచార్యుడు, విద్యుత్తు ప్రవహిస్తున్న తీగ దగ్గర ఉంచిన దిక్సూచి ముల్లు పక్కకు తిరగడం గమనించాడు. ఈ ఫలితాన్ని 1820 జూలైలో లాటిన్ భాషలో ఒక చిన్న పత్రంగా ప్రకటించాడు. ముల్లు తీగ వైపు ఆకర్షింపబడలేదు, తీగ నుండి తొలగిపోలేదు. తీగకు అడ్డంగా నిలవడానికి ప్రయత్నించింది. న్యూటన్ చెప్పిన గురుత్వాకర్షణ గాని, కూలుంబ్ చెప్పిన విద్యుద్బలం గాని రెండు వస్తువులను కలిపే సరళరేఖ వెంట పనిచేస్తాయి. కాబట్టి పక్కకు తిప్పే ఈ కొత్త బలం అందరినీ ఆశ్చర్యపరచింది.

ఈ వార్త ఫ్రాన్సుకు చేరిన కొద్ది వారాలలోనే ఆంద్రే మారీ ఆంపియర్ మరొక ముఖ్య విషయం కనుగొన్నాడు. రెండు సమాంతర తీగలలో విద్యుత్తు ఒకే దిశలో ప్రవహిస్తే అవి ఆకర్షించుకుంటాయి. వ్యతిరేక దిశలలో ప్రవహిస్తే వికర్షించుకుంటాయి. అయస్కాంతం లేకుండానే ఒక తీగ మరొక తీగ మీద అయస్కాంత బలాన్ని చూపగలదని దీనితో రుజువైంది.

తీగ అయస్కాంతాన్ని కదిలించగలిగితే, అయస్కాంతం కూడా తీగను కదిలించాలి కదా! దీనిని స్పష్టంగా చూపినవాడు మైకేల్ ఫారడే. ఈయన ఒక కమ్మరి కుమారుడు. బాల్యంలో పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పని నేర్చుకున్నాడు. 1821 సెప్టెంబరులో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫారడే ఒక పాత్రలో పాదరసం పోసి, దాని మధ్యలో ఒక దండాయస్కాంతాన్ని నిలబెట్టాడు. పై నుండి వేలాడదీసిన తీగ కొన పాదరసంలో మునిగేటట్లు చేసి విద్యుత్తు పంపాడు. ఆ తీగ అయస్కాంతం చుట్టూ ఆగకుండా తిరిగింది. విద్యుత్తు సహాయంతో నిరంతర భ్రమణాన్ని సాధించిన మొట్టమొదటి సాధనం ఇదే. (పాదరసం ఆవిరి విషపూరితం. కనుక ఈ ప్రయోగాన్ని ఇంట్లో గాని, తరగతి గదిలో గాని చేయరాదు.)

ఈ విజయం ఫారడేకు కీర్తితో పాటు అపనిందను కూడా తెచ్చింది. అంతకు కొన్ని నెలల ముందు విలియం హైడ్ వొలాస్టన్, హంఫ్రీ డేవీ అనే ఇద్దరు పెద్దలు విద్యుత్తు ప్రవహించే తీగను దాని అక్షం మీద తిప్పడానికి ప్రయత్నించి విఫలులయ్యారు. ఫారడే తన పత్రంలో వొలాస్టన్ పేరు పేర్కొనకపోవడంతో, ఆయన ఆలోచనను అపహరించాడనే మాట పుట్టింది. నిజానికి వొలాస్టన్ ఆశించినది తీగ తన చుట్టూ తాను తిరగడం. ఫారడే సాధించినది తీగ అయస్కాంతం చుట్టూ తిరగడం. ఈ రెండూ ఒకటి కావు. అయినా 1824లో ఫారడేను రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకొనే సందర్భంలో, ఒకప్పుడు ఆయనకు గురువైన డేవీయే దానిని వ్యతిరేకించాడు. ఒకే ఒక్క వ్యతిరేక ఓటుతో ఫారడే ఎన్నికయ్యాడు.

తరువాత 1822లో పీటర్ బార్లో నక్షత్రం ఆకారంలో ఉన్న చక్రాన్ని ఈ బలంతో తిప్పి చూపాడు. 1832లో విలియం స్టర్జన్ కమ్యుటేటర్ ఉన్న మోటారును తయారు చేశాడు. అమెరికాలో థామస్ డేవెన్‌పోర్ట్ అనే కమ్మరి 1837లో విద్యుత్ మోటారుకు పేటెంటు పొందాడు. 1838లో మోరిట్జ్ జాకోబి రష్యాలోని నీవా నదిలో విద్యుత్ మోటారుతో పడవను నడిపాడు. అయితే ఆనాడు విద్యుత్తుకు ఆధారం బ్యాటరీలే. వాటిలో కరిగిపోయే జింకు ఖరీదు, ఆవిరి యంత్రంలో మండే బొగ్గు ఖరీదు కంటే చాలా ఎక్కువ. డైనమోలు వచ్చిన తరువాతనే మోటార్లకు మంచి రోజులు వచ్చాయి. 1873లో వియన్నా ప్రదర్శనలో, ఒక గ్రామ్ డైనమో ఉత్పత్తి చేసిన విద్యుత్తుతో అటువంటిదే మరొక యంత్రాన్ని మోటారుగా నడిపి చూపారు. జనరేటరు, మోటారు నిర్మాణంలో ఒకటేనని ఇది లోకానికి తెలియజేసింది.

బలం యొక్క దిశ

బలం ఏ దిశలో పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధన ఉపయోగపడుతుంది. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఒకదానికొకటి లంబంగా ఉండేటట్లు చాచాలి. అప్పుడు,

* చూపుడువేలు అయస్కాంత క్షేత్ర దిశను (ఉత్తర ధ్రువం నుండి దక్షిణ ధ్రువం వైపు) సూచిస్తే,
* మధ్యవేలు విద్యుత్ ప్రవాహ దిశను (ధన ధ్రువం నుండి ఋణ ధ్రువం వైపు) సూచిస్తే,
* బొటనవేలు బలం యొక్క దిశను సూచిస్తుంది.

బొటనవేలు, బలం రెండూ 'బ'తో మొదలవుతాయి. క్షేత్రాన్ని చూపేది చూపుడువేలు. ఈ రెండూ గుర్తుంటే మిగిలిన మధ్యవేలు ప్రవాహానిదే.

బలం ఇలా పక్కకు ఎందుకు పనిచేస్తుందో బలరేఖల సహాయంతో ఊహించవచ్చు. మన ఎదురుగా ఎడమ వైపు ఉత్తర ధ్రువం, కుడి వైపు దక్షిణ ధ్రువం ఉన్నాయనుకుందాం. వాటి మధ్య క్షేత్రం ఎడమ నుండి కుడికి ఉంటుంది. ఈ మధ్య భాగంలో ఉన్న తీగలో విద్యుత్తు మన వైపు నుండి అవతలికి ప్రవహిస్తున్నదనుకుందాం. ఆ తీగ చుట్టూ ఏర్పడే క్షేత్రం గడియారపు ముల్లు తిరిగే దిశలో వలయాలుగా ఉంటుంది. తీగకు పై భాగంలో ఈ వలయ క్షేత్రం కూడా ఎడమ నుండి కుడికే ఉంటుంది కాబట్టి రెండు క్షేత్రాలు కలిసి బలపడతాయి. తీగకు కింది భాగంలో అవి ఎదురెదురుగా ఉండి బలహీనపడతాయి. బలమైన క్షేత్రం ఉన్న వైపు నుండి బలహీనమైన క్షేత్రం ఉన్న వైపుకు, అనగా కిందికి, తీగ నెట్టబడుతుంది. ఎడమచేతి నిబంధన కూడా ఇదే దిశను ఇస్తుంది.

బలం యొక్క పరిమాణం

తీగ క్షేత్రానికి లంబంగా ఉన్నప్పుడు,

బలం = అయస్కాంత క్షేత్రం × విద్యుత్ ప్రవాహం × క్షేత్రంలో ఉన్న తీగ పొడవు

ఇందులో క్షేత్రాన్ని టెస్లాలలోను, ప్రవాహాన్ని ఆంపియర్లలోను, పొడవును మీటర్లలోను తీసుకుంటే బలం న్యూటన్లలో వస్తుంది. తీగ క్షేత్రంతో ఏదైనా కోణం చేస్తుంటే పై లబ్ధాన్ని ఆ కోణం యొక్క సైన్ విలువతో గుణించాలి. తీగ క్షేత్రానికి సమాంతరంగా ఉంటే బలం సున్న.

ఉదాహరణ: 0.5 టెస్లా క్షేత్రానికి లంబంగా ఉన్న 10 సెంటీమీటర్ల తీగలో 2 ఆంపియర్లు ప్రవహిస్తే, బలం = 0.5 × 2 × 0.1 = 0.1 న్యూటను. ఇది సుమారు 10 గ్రాముల బరువుకు సమానం. అదే తీగ క్షేత్రంతో 30 డిగ్రీల కోణం చేస్తే బలం సగమై 0.05 న్యూటను అవుతుంది.

మరి మన ఇళ్ళలోని తీగలు భూమి అయస్కాంత క్షేత్రం వలన ఎందుకు ఎగిరిపడవు? దక్షిణ భారతదేశంలో భూమి క్షేత్రం సుమారు 0.00004 టెస్లా మాత్రమే. 5 ఆంపియర్లు ప్రవహించే ఒక మీటరు తీగ మీద పడే బలం 0.0002 న్యూటనుకు మించదు. అది 20 మిల్లీగ్రాముల బరువుతో సమానం.

తీగలో జరిగేది ఏమిటి?

విద్యుత్ ప్రవాహం అంటే ఎలక్ట్రాన్ల చలనం. చలనంలో ఉన్న ఆవేశం మీద అయస్కాంత క్షేత్రం చూపే బలాన్ని లారెంజ్ బలం అంటారు. ఈ బలం వలన ఎలక్ట్రాన్లు తీగలో ఒక పక్కకు ఒరుగుతాయి; అవి తీగను వదలి పోలేవు కనుక తీగను కూడా తమతో పాటు నెడతాయి. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగలో 1 ఆంపియరు ప్రవహించేటప్పుడు ఎలక్ట్రాన్లు ముందుకు సాగే సగటు వేగం సెకనుకు 0.07 మిల్లీమీటర్లు మాత్రమే. నత్త కూడా ఇంతకంటే వేగంగా నడుస్తుంది. అయితే ఒక ఘన మిల్లీమీటరు రాగిలో అటువంటి ఎలక్ట్రాన్లు సుమారు ఎనిమిదిన్నర లక్షల కోట్ల కోట్లు ఉంటాయి. ఒక్కొక్క దాని మీద పడే బలం అతి స్వల్పమైనా, అన్నీ కలిసి రైలును కదిలించగలవు.

బలం నుండి భ్రమణానికి

దీర్ఘచతురస్రాకారపు తీగచుట్టను క్షేత్రంలో ఉంచి విద్యుత్తు పంపితే, ఎదురెదురు భుజాలలో ప్రవాహం వ్యతిరేక దిశలలో ఉంటుంది. కనుక ఒక భుజం పైకి, మరొక భుజం కిందికి నెట్టబడతాయి. ఈ రెండు బలాలు కలిసి చుట్టను తిప్పుతాయి. ఈ తిప్పే సామర్థ్యమే టార్క్. చుట్ట తలం క్షేత్రానికి సమాంతరంగా ఉన్నప్పుడు,

టార్క్ = చుట్ల సంఖ్య × క్షేత్రం × ప్రవాహం × చుట్ట వైశాల్యం

ఉదాహరణకు 5 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, 100 చుట్లు గల తీగచుట్టలో 1.5 ఆంపియర్లు ప్రవహిస్తూ, క్షేత్రం 0.2 టెస్లా అయితే, టార్క్ = 100 × 0.2 × 1.5 × 0.002 = 0.06 న్యూటను-మీటరు.

చుట్ట పావు వంతు తిరిగి క్షేత్రానికి అడ్డంగా నిలిచినప్పుడు టార్క్ సున్న అవుతుంది. జడత్వం వలన ఆ స్థానాన్ని దాటినా, ఇప్పుడు బలాలు దానిని వెనుకకు లాగుతాయి. అందువలన చుట్ట కాసేపు ఊగి ఆగిపోతుంది. అది ఆగకుండా తిరగాలంటే ప్రతి అర్ధ భ్రమణానికి చుట్టలో ప్రవాహ దిశను మార్చాలి. ఈ పని చేసే రెండుగా చీల్చిన ఉంగరాన్ని కమ్యుటేటర్ అంటారు. దానికి ఆనుకొని ఉండే కార్బన్ బ్రష్షులు తిరుగుతున్న చుట్టకు విద్యుత్తును అందిస్తాయి. మిక్సీ తిరిగేటప్పుడు లోపల కనిపించే చిన్న నిప్పురవ్వలు ఈ బ్రష్షుల దగ్గర పుట్టేవే.

మోటారు లోపలి జనరేటరు

1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. అయస్కాంత క్షేత్రంలో తీగ కదిలితే ఆ తీగలో విద్యుచ్ఛాలక బలం పుడుతుంది. మోటారులోని చుట్ట కూడా అయస్కాంత క్షేత్రంలో కదులుతున్న తీగయే. కనుక అది తిరుగుతున్నంత సేపు దానిలో విద్యుచ్ఛాలక బలం పుడుతూనే ఉంటుంది. లెంజ్ నియమం ప్రకారం ఇది మనం ఇచ్చే వోల్టేజిని వ్యతిరేకిస్తుంది. అందువలన దీనిని వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం అంటారు.

ఒక ఏకముఖ విద్యుత్ మోటారుకు 220 వోల్టులు ఇస్తున్నామనుకుందాం. దాని చుట్ట నిరోధం 2 ఓములు, తిరుగుతున్నప్పుడు ప్రవాహం 5 ఆంపియర్లు. నిరోధాన్ని దాటడానికి కావలసినది 5 × 2 = 10 వోల్టులే. మిగిలిన 210 వోల్టులు వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం. మోటారు తీసుకునే 1100 వాట్లలో చుట్టలో వేడిగా పోయేది 50 వాట్లు. మిగిలిన 1050 వాట్లు యాంత్రిక శక్తిగా మారతాయి.

ఇప్పుడు ఏదో అడ్డుపడి మోటారు తిరగకుండా ఆగిందనుకుందాం. భ్రమణం లేదు కనుక వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం లేదు. 220 వోల్టులూ 2 ఓముల నిరోధం మీదనే పడతాయి. ప్రవాహం 110 ఆంపియర్లకు పెరుగుతుంది. చుట్టలో పుట్టే వేడి 24,200 వాట్లు, అనగా ముందటి కంటే 484 రెట్లు. తీగ మీది పూత మాడిపోవడానికి ఎంతో సేపు పట్టదు. పెద్ద ఏకముఖ మోటార్లను ప్రారంభించేటప్పుడు శ్రేణిలో అదనపు నిరోధాన్ని కలిపి, వేగం పుంజుకున్న తరువాత దానిని తొలగించడానికి కారణం కూడా ఇదే.

ఇండక్షన్ మోటారు, వ్యవసాయ పంపుసెట్లు

1888లో గలీలియో ఫెరారిస్, నికోలా టెస్లా విడివిడిగా ఇండక్షన్ మోటారును ప్రకటించారు. ఇందులో తిరిగే భాగానికి తీగలతో విద్యుత్తును అందించరు. కమ్యుటేటర్, బ్రష్షులు ఉండవు. బయటి స్థిర భాగంలోని చుట్టలు చుట్టూ తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తాయి. ఆ క్షేత్రం లోపలి లోహపు కడ్డీలలో ప్రవాహాన్ని ప్రేరేపిస్తుంది. ఆ ప్రవాహం మీద అదే క్షేత్రం మోటారు ప్రభావం చూపి తిప్పుతుంది. 50 హెర్ట్జ్ సరఫరాతో నాలుగు ధ్రువాల మోటారులో క్షేత్రం నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. మోటారు మాత్రం కొంత వెనుకబడి సుమారు 1440 సార్లు తిరుగుతుంది. రెండూ సమాన వేగంతో తిరిగితే ప్రేరణ ఉండదు, బలమూ ఉండదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలలోని బావులు, బోర్ల మీద ఎక్కువగా కనిపించే త్రీఫేజ్ పంపుసెట్లు ఈ రకానివే. వేసవిలో వోల్టేజి తగ్గినప్పుడు మోటార్లు కాలిపోవడం రైతులకు తెలిసిన బాధ. తక్కువ విద్యుత్తు ఇస్తే మోటారు ఎక్కువగా వేడెక్కడం వింతగా తోచవచ్చు. ఈ మోటారులో టార్క్ వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వోల్టేజి 20 శాతం తగ్గితే టార్క్ 36 శాతం తగ్గుతుంది. నీటిని ఎత్తవలసిన భారం అంతగా తగ్గదు కనుక మోటారు వేగం పడిపోతుంది. వేగం తగ్గితే చుట్టలలో వ్యతిరేకత తగ్గి ప్రవాహం పెరుగుతుంది. ప్రవాహం పెరిగితే వైండింగు మాడుతుంది. మూడు ఫేజులలో ఒకటి పోయినప్పుడు కూడా మిగిలిన రెండు ఫేజులలో ప్రవాహం పెరిగి ఇదే ప్రమాదం కలుగుతుంది.

స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే ఇటువంటి సమయాలలో సరఫరాను నిలిపివేస్తుంది. అది పదేపదే పడిపోతున్నదని దానిని తప్పించి మోటారును నేరుగా కలపడం, కాలిపోవడానికి దారి తీయడమే. రిలే పడిందంటే ప్రవాహం మోటారు తట్టుకోగల హద్దును దాటిందని గ్రహించాలి.

కెపాసిటరు పాడైన సీలింగు ఫ్యాను మూలుగుతూ కదలకుండా ఉండటం చాలామంది చూసినదే. సింగిల్ ఫేజ్ సరఫరా ఒక్కటే తిరిగే క్షేత్రాన్ని ఇవ్వలేదు. రెండవ చుట్టలోని ప్రవాహాన్ని కెపాసిటరు కొంత ముందుకు జరపడం వలన తిరిగే క్షేత్రం ఏర్పడుతుంది. అటువంటి ఫ్యానును కూడా కర్రతో ఒకసారి తిప్పితే ఆ దిశలోనే తిరగసాగుతుంది. అయితే కదలని ఫ్యానుకు స్విచ్చి వేసి వదిలివేయరాదు.

చిన్న ప్రయోగం

కావలసినవి: వైండింగు దుకాణాలలో దొరికే ఎనామిల్ పూత గల రాగి తీగ, రెండు పెద్ద పిన్నీసులు, 1.5 వోల్టుల ఘటం ఒకటి, పాత స్పీకరులోని అయస్కాంతం.

తీగను ఘటం చుట్టూ 10 లేక 15 చుట్లు చుట్టి తీసి, రెండు కొనలను ఎదురెదురుగా ఇరుసులా చాచాలి. ఒక కొన మీది పూతను చుట్టూ పూర్తిగా గీకివేయాలి. చుట్టను నిలువుగా పట్టుకొని, రెండవ కొన మీది పూతను పై సగం మాత్రమే గీకాలి. పిన్నీసులను ఘటం రెండు ధ్రువాలకు తగిలించి, వాటి రంధ్రాలలో కొనలను ఉంచి, కింద అయస్కాంతాన్ని పెట్టి చుట్టను మెల్లగా తట్టితే అది తిరుగుతుంది. సగం గీకిన కొన ఇక్కడ కమ్యుటేటరుకు బదులుగా పనిచేస్తుంది. వ్యతిరేకంగా లాగే అర్ధ భ్రమణంలో అది విద్యుత్తును ఆపివేస్తుంది. ఆ సగాన్ని చుట్ట జడత్వంతో దాటుతుంది. చుట్ట ఆగినప్పుడు దానిని ముట్టుకొని చూస్తే తీగ, ఘటం వేడెక్కడం తెలుస్తుంది.  వెంటనే ఘటాన్ని విడదీయాలి.

విద్యార్థులు తరచు పొరబడే అంశాలు

* తీగ ధ్రువాల వైపు కదలదు. బలం ఎల్లప్పుడూ క్షేత్రానికి, ప్రవాహానికి రెండింటికీ లంబంగా ఉంటుంది.
* రాగిని అయస్కాంతం ఆకర్షించదు. బలానికి కారణం రాగిలోని ప్రవాహం.
* ప్రవాహం దిశను గాని, క్షేత్రం దిశను గాని మార్చితే బలం దిశ మారుతుంది. రెండింటినీ ఒకేసారి మార్చితే మారదు. మిక్సీలోని మోటారు ఏకాంతర విద్యుత్తుతో పనిచేయగలగడానికి కారణం ఇదే.
* ఎడమచేతి నిబంధన మోటారుకు. కుడిచేతి నిబంధన జనరేటరుకు.
* మోటారుకు శక్తినిచ్చేది అయస్కాంతం కాదు. శక్తి విద్యుత్ సరఫరా నుండి వస్తుంది. ఎంతకాలం తిరిగినా అయస్కాంతం తన శక్తిని ఖర్చు చేయదు.

ఆంపియరు నిర్వచనం

విద్యుత్ ప్రవాహానికి ప్రమాణమైన ఆంపియరును కూడా చాలాకాలం ఈ బలంతోనే నిర్వచించారు. శూన్యంలో ఒక మీటరు దూరంలో ఉన్న రెండు అనంతమైన సమాంతర వాహకాల మధ్య, మీటరు పొడవుకు 2 × 10⁻⁷ న్యూటన్ల బలాన్ని కలిగించే ప్రవాహాన్ని ఒక ఆంపియరుగా 1948లో అంగీకరించారు. 2019 మే 20 నుండి ఆంపియరును ఎలక్ట్రాను ఆవేశం యొక్క స్థిరమైన విలువ ఆధారంగా నిర్వచిస్తున్నారు. పాత పాఠ్యపుస్తకాలు చదివేవారు ఈ మార్పును గమనించాలి. నిర్వచనం మారినా, సమాంతర తీగల మధ్య బలం కొలవగలిగినంత మేరకు అదే.